కర్త లేని వాక్యం, కర్తను దాచే వాక్యం

ఈ వ్యాసం ఒక పొరపాటును దిద్దుకోవడానికి రాస్తున్నాను. పొరపాటు నాది. అది పొరపాటని మొదట చెప్పింది ఒక విద్యార్థిని. ఎందుకు పొరపాటో నాకు అర్థమయింది చాలాకాలం తర్వాత, డచ్చి భాషలోనూ దాని బంధుభాషల్లోనూ కర్త గురించి భాషాశాస్త్రజ్ఞులు చేసిన చర్చలు చదివినప్పుడు. తెలుగు కథకీ డచ్చి వ్యాకరణానికీ సంబంధం ఏమిటని పాఠకులు అడగవచ్చు. ఆ సంబంధం చూపించడమే ఈ వ్యాసం పని.

కొన్నేళ్ల కిందట ఒక కథకుల శిబిరంలో కొత్తవాళ్ల కథలు దిద్దే పని నాకు అప్పగించారు. ఎం.ఏ. చదువుతున్న ఒక అమ్మాయి తన ఊళ్లో కూలిరేట్ల తగాదా మీద కథ రాసింది. అందులో ఒక వాక్యం: ‘ఆ రాత్రి మా నాన్న కొట్టబడ్డాడు.’ నేను ఎర్రసిరాతో దాన్ని కొట్టేసి, ‘ఆ రాత్రి మా నాన్నకు దెబ్బలు తగిలాయి’ అని రాశాను. పక్కన ‘తెలుగు ఇలా ఉండాలి’ అని ఒక ఉపదేశం కూడా చేర్చాను.

ఆ అమ్మాయి కాగితం చూసుకుని, “మీరు రాసిందే మంచి తెలుగు సార్. కానీ నా వాక్యంలో కొట్టినవాడు ఉన్నాడు. మీ వాక్యంలో లేడు. జారిపడ్డా దెబ్బలు తగులుతాయి కదా” అంది.

“అయితే కొట్టినవాడి పేరే రాయొచ్చు కదమ్మా” అన్నాను.

“ఊళ్లో అందరికీ తెలుసు సార్. ఎవరూ అనరు. ఆ అనకపోవడమే కథ.”

నా దగ్గర జవాబు లేదు. నుడికారం గురించి ఏదో చెప్పి తర్వాతి కథ తీశాను. అప్పటికే నేను ఒకటి రెండు వ్యాసాల్లో గట్టిగా రాసి ఉన్నాను: కర్మణి వాక్యం తెలుగుది కాదు, ఆఫీసు కాగితాల వెంట వచ్చింది, కర్తను మాయం చేసే ఈ ‘బడు’ పాలకవర్గపు క్రియ, ప్రజారచయిత దాన్ని వదిలించుకోవాలి అని. చాలామంది మిత్రులు మెచ్చుకున్నారు. మెచ్చుకోలు మనిషిని ఆలోచించకుండా చేస్తుంది.

1

మొదట కర్త అంటే ఎవరు? పాణిని స్వతంత్రుణ్ని కర్త అన్నాడు. అంటే క్రియ ఎవరి చేతుల్లో ఉందో వాడు. ఇది అర్థాన్ని బట్టి చేసిన నిర్వచనం. బడిలో మనకు నేర్పేది వేరు: ప్రథమా విభక్తిలో ఉండి, క్రియ ఎవరి లింగవచనాలను అనుసరిస్తుందో అది కర్త. ఈ రెండూ ఒకటే అనుకుని మనం వాదాలు చేస్తుంటాం. నేనూ అలాగే చేశాను.

1976లో ‘కర్త, ప్రస్తావ్యం’ అనే విషయం మీద చార్ల్స్ లీ సంపాదకత్వంలో ఒక వ్యాససంపుటి వచ్చింది. అందులో ఎడ్వర్డ్ కీనన్ ప్రపంచభాషలన్నిటికీ చెల్లే కర్త నిర్వచనం కోసం వెతికి, ఒకే లక్షణంతో అది కుదరదని తేల్చాడు. దాదాపు 30 లక్షణాల మూట అది. వాక్యంలో ఉండే చోటు, విభక్తి, క్రియతో పొత్తు, ‘తన’ అనే మాట ఎవరిని సూచిస్తుందన్నది, పనిచేసేవాడన్న అర్థం – ఇవన్నీ ఆ మూటలోవే. ఒక్కోసారి మూట విడిపోయి, లక్షణాలు ఇద్దరి మధ్య పంపకమవుతాయి.

డచ్చి వాక్యంలో ఈ పంపకం కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ భాషలో ప్రధానవాక్యంలో క్రియ రెండో స్థానంలో ఉండాలి. మొదటి స్థానంలో కర్త ఉంటే సరే, ‘నిన్న’ లాంటి మాట ఉంటే కర్త క్రియ వెనక్కి జరుగుతుంది. తెలిసిన మనిషి గురించయితే ‘ఆ మనిషి నడుస్తున్నాడు వీధిలో’ అనే వరసలోనే వాక్యం నడుస్తుంది. తెలియని మనిషయితే మాత్రం డచ్చివాళ్లు ‘ఎర్’ అనే చిన్న మాటను ముందు నిలబెడతారు: ‘ఎర్ లోప్త్ ఎన్ మాన్ ఒప్ స్త్రాత్’ – వీధిలో ఒక మనిషి నడుస్తున్నాడు. ఈ ‘ఎర్’ ఒకప్పుడు ‘అక్కడ’ అనే అర్థమున్న మాట. ఇక్కడ దానికి అర్థం లేదు, కర్త చోటులో కూర్చోవడమే దాని పని. కానీ ఇద్దరు మనుషులు నడుస్తుంటే క్రియ బహువచనంలోకి మారుతుంది. అంటే చోటు ‘ఎర్’ది, క్రియ మీద అధికారం వెనకున్న మనుషులది. పట్టా ఒకడి పేర, సాగు ఒకడిది అన్నట్టు. పోలిక బాగుంది కదా అని దీనిలోంచి డచ్చి సమాజం గురించి సిద్ధాంతాలు లాగకూడదు. అలా లాగడమే నేను చేసిన తప్పు.

2

ఇక అసలు విషయం. సంస్కృతం చదువుకున్నవారికి కర్తరి, కర్మణి ప్రయోగాలతోపాటు భావే ప్రయోగం తెలుసు. కర్మ లేని క్రియను కూడా కర్మణి రూపంలో పెట్టి, క్రియను ప్రథమపురుష ఏకవచనంలో నిలిపి, చేసేవాణ్ని తృతీయా విభక్తిలోకి పంపే ప్రయోగం అది: ‘తేన హస్యతే’, అతని చేత నవ్వడం జరుగుతోంది. తెలుగులో ఇది లేదు. ‘నవ్వబడింది’ అంటే ఎవరైనా నిజంగానే నవ్వుతారు. ఇంగ్లీషులోనూ లేదు. డచ్చిలో మాత్రం నిత్యవ్యవహారంలో ఉంది. ‘ఎర్ వొర్త్ ఖెదాన్స్ట్’ – నాట్యం చేయబడుతోంది, ఎవరో నాట్యం చేస్తున్నారని అర్థం. ‘ఎర్ వెర్త్ ఖెలాఖెన్’ – నవ్వులు వినిపించాయి. ‘ఎర్ వెర్త్ ఖెస్ఖోతెన్’ – ఎవరో కాల్చారు. కర్త లేడు. కర్త చోటులో అర్థం లేని ‘ఎర్’ ఉంది.

జర్మన్‌లోనూ ఇదే వాక్యం ఉంది: ‘ఎస్ విర్ట్ గెతాన్స్ట్’. అయితే జర్మన్‌లో ‘నిన్న’ను ముందుకు తెస్తే ఆ ‘ఎస్’ వెళ్లిపోతుంది, చోటు కూడా ఖాళీ. డచ్చిలో ‘నిన్న’ ముందుకొచ్చినా ‘ఎర్’ సాధారణంగా క్రియ వెనక నిలిచే ఉంటుంది. ఐస్లాండిక్ ఈ విషయంలో జర్మన్ దారి. స్వీడిష్‌లో ఖాళీ చోటుకు మరో సర్వనామం ఉంది. ఒకే కుటుంబంలోని అక్కచెల్లెళ్ల మధ్య ఇంత తేడా.

నా పాత సిద్ధాంతం ప్రకారం ఇది దోపిడీకి తగిన వాక్యం కావాలి. ఉన్న కర్తను దాచడం కాదు, కర్తే లేకుండా వాక్యం కట్టడం! కానీ డచ్చివాళ్లు దీన్ని ఎప్పుడు వాడతారు, ఎప్పుడు వాడరు అని చూస్తే కథ తిరగబడుతుంది.

నవ్వడం, ఆడడం, పనిచేయడం, అరవడం, కాల్చడం – వీటికి ఈ వాక్యం చెల్లుతుంది. చనిపోవడం, పడిపోవడం – వీటికి చెల్లదు. ‘ఎర్ వెర్త్ ఖెస్తొర్వెన్’, చావబడింది అని డచ్చివాడు మామూలు మాటల్లో అనడు. డేవిడ్ పెర్ల్‌మటర్ 1978లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ తేడాను ఆధారం చేసుకున్నాడు. అకర్మక క్రియలన్నీ ఒక జాతివి కావు, ఒకరు పూనుకుని చేసేవి కొన్ని, ఒకరికి జరిగేవి కొన్ని. మొదటివాటికే ఈ ప్రయోగం ఉందని అతని వాదం. అంతకు రెండేళ్ల ముందు, కీనన్ వ్యాసం వచ్చిన సంపుటిలోనే, రాబర్ట్ కర్స్‌నర్ ఈ డచ్చి వాక్యం మీద విడిగా రాశాడు. ఇందులో కర్త లోపించలేదు, నేపథ్యంలోకి వెళ్లాడు అన్నాడు. ‘ఈల వేయబడింది’ అని డచ్చిలో అంటే, ఈల వేసింది మనిషేనని వినేవాడికి తెలుస్తుంది. పొయ్యి మీది కేటిలు ఈల వేస్తే ఈ వాక్యం పనికిరాదు.

దీని అర్థం గమనించండి. కర్త పేరులేని ఈ వాక్యం, కర్త ఉన్నాడనీ, వాడు మనిషేననీ, వాడు తెలిసి చేశాడనీ ఒప్పుకుంటేనే నిలబడుతుంది. పైగా ‘చేత’ అనే అర్థమున్న ‘దోర్’ అనే మాటతో చేసినవాణ్ని ఎప్పుడైనా తెచ్చి చేర్చవచ్చు. ‘దోర్ వీ?’ – ఎవరి చేత? – అని వినేవాడు అడగవచ్చు. వాక్యం ఆ ప్రశ్నకు తలుపు తీసే ఉంచింది.

శిబిరంలో ఆ అమ్మాయి చెప్పింది సరిగ్గా ఇదే. ‘కొట్టబడ్డాడు’లో ఎవరి చేత అన్న ప్రశ్నకు చోటుంది. ‘దెబ్బలు తగిలాయి’లో లేదు. వ్యాకరణం చూస్తే నా వాక్యంలో కర్త నిక్షేపంగా ఉంది: ‘దెబ్బలు’. ప్రథమా విభక్తిలో ఉంది, క్రియ దాన్ని బట్టే బహువచనంలో ఉంది. కానీ ఆ కర్త అక్కడ కూర్చున్నది కొట్టినవాడి చోటు ఖాళీ లేకుండా చేయడానికి. కర్త లేని వాక్యం వేరు, కర్తను దాచే వాక్యం వేరు. నేను మొదటిదాని మీద కత్తి దూసి రెండోదాన్ని మంచి తెలుగని నెత్తికెత్తుకున్నాను.

3

మన పత్రికల భాషను ఈ వెలుగులో చూద్దాం. ‘కాల్పులు జరిగాయి. ముగ్గురు మరణించారు.’ ఇందులో ‘బడు’ లేదు, రెండూ నిఖార్సయిన కర్తరి వాక్యాలు. మొదటిదానికి కర్త కాల్పులు, రెండోదానికి చచ్చిపోయినవాళ్లు. తుపాకి పట్టినవాడికి రెండిటిలోనూ చోటు లేదు. ‘పోలీసు కాల్పులు’ అని నామవాచకానికి ఒక విశేషణం తగిలించవచ్చు గాని, ‘జరిగాయి’ అనే క్రియ దాన్ని కోరదు. వర్షం కురిసినట్టు, తిరునాళ్ల జరిగినట్టు కాల్పులూ జరుగుతాయి. అదే ‘ముగ్గురు కాల్చి చంపబడ్డారు’ అంటే వికారంగా ఉంటుంది, కానీ ఎవరి చేత అని అడగకుండా ఉండలేం. ఆ వికారమే కొన్నిసార్లు నిజాయితీ.

ఇది తెలుగు దోషమని కూడా అనలేం. డచ్చిలోనూ మన ‘జరుగు’కు సాటి అయిన క్రియ ఉంది, అక్షరార్థం ‘చోటు దొరకడం’. అక్కడి పత్రికలూ ‘కాల్పుల ఘటన జరిగింది’ అనే రాస్తాయి. ‘ఎర్ వెర్త్ ఖెస్ఖోతెన్’ అనే దారి ఉండగానే ఈ దారీ ఉంది. భాష రెండూ ఇచ్చింది. ఎంచుకునేది రాసేవాడు.

‘బడు’ ఇంగ్లీషు వెంట వచ్చిందన్న నా మాట కూడా నిలవదు. చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణంలో దానికి లక్షణం చెప్పాడు. సంస్కృతం నుంచి తెనిగించిన పాత కావ్యాల్లోనే అది ఉంది. వాడుకభాషకు ఎక్కువగా పట్టదు, నిజమే. అయితే పట్టకపోవడం వేరు, పాలకవర్గపుది కావడం వేరు.

ఇలాంటిదే ఇంకో వాదం మన సభల్లో విన్నాను. తెలుగువాడు ‘నాకు ఆకలేస్తోంది’, ‘నాకు చలిగా ఉంది’ అంటాడు, ‘నేను’ అనడు. కాబట్టి మన భాషలోనే నిస్సహాయత, కర్మసిద్ధాంతం జీర్ణించుకుపోయాయి అని. వినడానికి బాగుంటుంది. కానీ ఐస్లాండ్‌వాళ్లు ‘మ్యేర్ ఎర్ కాల్త్’ అంటారు – నాకు చలిగా ఉంది. జర్మన్లు ‘మీర్ ఇస్ట్ కాల్ట్’ అంటారు – నాకే. డచ్చివాళ్లు మాత్రం ‘నేను’ను తెచ్చి, ‘నేను దాన్ని చల్లగా కలిగి ఉన్నాను’ అన్నట్టు చెబుతారు. అంతమాత్రాన ఐస్లాండ్‌వాళ్ల కంటే డచ్చివాళ్లకు చలి తక్కువేం కాలేదు.

పైగా ఆ ‘నాకు’ అంత నిస్సహాయం కాదు. ‘సుబ్బయ్యకు తన పొలమంటే ప్రాణం’ అన్నప్పుడు ‘తన’ సుబ్బయ్యదే. విభక్తి వేరయినా కర్తకుండే హక్కు అతనికుంది. ఐస్లాండిక్‌లోనూ ఇలాంటి చతుర్థీ రూపాలు కర్తకుండే హక్కుల్ని నడుపుతాయని 1985లో అన్నీ జేనన్, జోన్ మేలింగ్, హోస్కుల్దుర్ థ్రాయిన్సన్ కలిసి రాసిన వ్యాసం వరసగా పరీక్షలు పెట్టి చూపించింది. జర్మన్‌లో పైకి అలాగే కనిపించే ‘నాకు’ ఆ పరీక్షల్లో నెగ్గలేదు. విభక్తి ఒకటే, హక్కులు వేరు. తెలుగులో ఈ రకం పరిశీలనకు చేకూరి రామారావు గారి ‘తెలుగు వాక్యం’ 1975లోనే దారి వేసింది. మన విమర్శకులు ఆ పుస్తకాన్ని భాషాశాస్త్రం అలమరలో పెట్టేసి ఊరుకున్నారు. అది మన అలమరలో కూడా ఉండవలసిన పుస్తకం.

4

వ్యాకరణం ఇంతవరకే చెబుతుంది. సాహిత్యంలో కర్త ప్రశ్న ఎంత ప్రాణాంతకమో చూడాలంటే డచ్చి భాషలోనే ఒక నవల ఉంది.

ఎదువార్ద్ దౌవెస్ డెక్కర్ 1820లో ఆంస్టర్‌డాంలో పుట్టాడు. డచ్చివారి పాలనలోని జావాలో ఉద్యోగి. ఆ జావాలో 1830 నుంచి నిర్బంధ సాగు పద్ధతి ఉండేది, గ్రామాలు తమ భూమిలో ఒక భాగంలో ప్రభుత్వం కోరిన ఎగుమతి పంటలు పండించాలి. 1856లో డెక్కర్ లెబాక్ జిల్లాకు సహాయ రెసిడెంటుగా వెళ్లాడు. అక్కడి దేశీయ ప్రభువు రైతుల చేత వెట్టి చేయిస్తున్నాడనీ, వాళ్ల పశువులు లాక్కుంటున్నారనీ పై అధికారులకు ఫిర్యాదు చేశాడు. వాళ్లు అతన్నే తప్పుపట్టారు. కొద్ది నెలల్లోనే రాజీనామా చేశాడు. 1859లో బ్రస్సెల్స్‌లో పేదరికంలో కూర్చుని ‘మాక్స్ హావెలార్’ రాశాడు. 1860లో అచ్చయింది.

ఆ నవల ఉపశీర్షికలో ఉన్నది మనుషులు కాదు, డచ్చి వాణిజ్య సంస్థవారి కాఫీ వేలాలు. కథ మొదలుపెట్టేది ఆంస్టర్‌డాం కాఫీ దళారి ద్రోగ్‌స్టోపెల్. అతని లోకంలో కాఫీ వస్తుంది, కాఫీ ధర పెరుగుతుంది, కాఫీ వేలమవుతుంది. అన్ని వాక్యాలకూ కాఫీయే కర్త. సరుకు తనంతట తాను నడిచినట్టు కనిపించే ఈ భ్రమను మార్క్స్ 1867లో ‘పెట్టుబడి’లో విప్పి చెప్పాడు. ఏడేళ్లు ముందే ఒక నవలాకారుడు దాన్ని ఒక దళారి గొంతులో వినిపించాడు. కింది ఉద్యోగి నివేదిక పైకి వెళ్లేకొద్దీ అందులోని కష్టం ఎలా కరిగి అంతా సవ్యంగా ఉన్నట్టు మారుతుందో కూడా ఆ నవలలో ఉంది. ఆఫీసు భాష మీద పరిశోధన చేసే విద్యార్థులు తప్పక చదవాలి.

ఆ పుస్తకానికి జరిగినదే ఇంకో పాఠం. అచ్చువేయించిన యాకోబ్ వాన్ లెన్నెప్ నవలలోని ఊళ్ల పేర్లు తీసేసి చుక్కలు పెట్టాడు. వ్యాకరణాన్ని తాకనవసరం లేకపోయింది. ఎక్కడ జరిగిందో తీసేస్తే ఎవరు చేశారన్నదీ పోతుంది. హక్కుల కోసం డెక్కర్ వేసిన దావా ఓడిపోయింది. తన చేతుల మీదుగా దిద్దిన ప్రతి 1875లో గాని రాలేదు.

డెక్కర్ పెట్టుకున్న కలంపేరు ముల్తాతులి. అది లాటిన్‌లో ఒక వాక్యం, ‘చాలా భరించాను’ అని అర్థం. లాటిన్‌లో, మన తెలుగులో లాగే, ‘నేను’ విడిగా అననక్కర్లేదు, క్రియ చివరనే ఉంది. డచ్చిలో అది కుదరదు, ‘ఇక్’ అని ‘నేను’ను పైకి అనవలసిందే. నవల చివర జరిగేది అదే. రచయిత కథ చెబుతున్న పాత్రల్ని పక్కకు నెట్టి, తన పేరుతో ముందుకు వచ్చి, డచ్చి రాజునే నేరుగా నిలదీస్తాడు.

ఇక్కడ ఆగిపోతే అది వీరపూజ అవుతుంది. ముల్తాతులి డచ్చి పాలన పోవాలనలేదు, న్యాయంగా ఉండాలన్నాడు. దేశీయ ప్రభువు దౌర్జన్యం మీద పడ్డంత వెలుగు మొత్తం వలస వ్యవస్థ మీద పడలేదు. బర్రెను పోగొట్టుకున్న కుటుంబంలోని సైజా, అతని అదిందా – వీళ్ల కథ గుండె పిండుతుంది. కానీ నవలలో ‘నేను’ అన్నది డచ్చి ఉద్యోగి. జావా రైతు ‘చాలా భరించాను’ అని తన నోటితో అనడానికి ఇంకా చాలాకాలం పట్టింది. ఆ నేల మీది రచయిత ప్రమూద్య అనంత తూర్ 1999లో ఈ నవలను వలసవాదాన్ని చంపిన పుస్తకంగా కొనియాడాడు. ఆ పరిమితులున్న పుస్తకానికే వలసపాలన బాధితుల వారసుడు ఆ గౌరవం ఇచ్చాడని గుర్తుంచుకుంటే చాలు.

5

మళ్లీ మన శిబిరానికి వస్తాను. ఏ వాక్యరూపమూ పుట్టుకతో పాలకవర్గానిది కాదు, ప్రజలదీ కాదు. ‘బడు’ తీసెయ్యండి, కర్తరి రాయండి అనే సూత్రం విమర్శకుడికి సులువు, అందుకే ప్రమాదం. కర్తరి వాక్యంలో ‘దెబ్బలు’, ‘కాల్పులు’, ‘కాఫీ’ కర్తలై కూర్చుంటే ఆ సూత్రం చేతులు కట్టుకుని చూస్తుంది.

విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలు వేరు. ఈ వాక్యం చేసినవాణ్ని చెప్పకపోతే, చెప్పలేదని పాఠకుడికి తెలుస్తోందా? ఎవరి చేత అని అడగడానికి చోటు మిగిలిందా? మిగలకపోతే ఆ చోటులో ఎవర్ని, దేన్ని కూర్చోబెట్టారు? నోరు మూసుకున్న ఊరి గురించి రాసేటప్పుడు పేరు చెప్పని వాక్యమే నిజం చెప్పవచ్చు. కానీ ఆ మౌనం ఊరిదా, భయపడ్డ రచయితదా అన్నది మొత్తం కథ చెప్పాలి, ఒక్క వాక్యం చెప్పదు.

ఆ అమ్మాయి కథ తర్వాత ఒక చిన్న పత్రికలో వచ్చింది. తెరిచి ముందు ఆ వాక్యం కోసమే చూశాను. నా దిద్దుబాటూ లేదు, ఆమె మొదట రాసిన రూపమూ లేదు. ‘ఆ రాత్రి మా నాన్నను కొట్టారు’ అని ఉంది. పేరు లేదు, ‘బడు’ లేదు. ‘వాళ్లు’ అన్న మాట కూడా లేకుండా, క్రియ చివర ఒక్క ‘రు’తో కొట్టినవాళ్లంతా నిలబడి ఉన్నారు. వాడుక తెలుగులోనే ఉన్న ఈ దారి ఆ రోజు నాకు తట్టలేదు. సూత్రం నా కళ్లకు అడ్డం వచ్చింది.